మదర్ గూల్స్‌బీ ఎడమ చెయ్యి

వెర్డెల్ టేటమ్ ఇరవై రెండేళ్లు ఇరుసుల ఫ్యాక్టరీలో పనిచేశాడు. చెయ్యి ఎంత తక్కువ కదిలితే పని అంత త్వరగా తెములుతుందని అక్కడ నేర్చుకున్నాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక, డెట్రాయిట్ పడమటి వైపున తన ఇంటి బేస్‌మెంట్‌లో, బట్టలుతికే మెషిన్ పక్కన, ఒక కంప్యూటరూ ఒక ఎలక్ట్రిక్ పియానో పెట్టుకుని ఆ సూత్రాన్నే అమలు చేశాడు.

తొంభైల మొదట్లోని మాట ఇది. మా చర్చి పాటల బృందం, అంటే క్వయర్‌లో సగం మందికి సంగీతం చదవడం రాదు. వెర్డెల్ పియానో నుంచి కంప్యూటరులోకి మిడి తీగ కలిపి, ఒక్కొక్క గొంతు వరుసనూ విడిగా ఎక్కించి, ఎవరి క్యాసెట్ వాళ్లకిచ్చేవాడు. హెచ్చు స్థాయి మగగొంతులైన టెనర్లలో రెండో వరుసలో నిలబడే నాకూ ఒకటి దక్కేది. ఆ తీగలో పారేది శబ్దం కాదు. ఏ మీట, ఎప్పుడు, ఎంత గట్టిగా నొక్కారు, ఎంతసేపు పట్టుకున్నారు అన్న లెక్క మాత్రమే. అందుకే తర్వాత ఎలా కావాలంటే అలా మార్చుకోవచ్చు.

అతను పనిచేస్తుంటే చూడాలి. ఎడమ చెయ్యి కంప్యూటరు అంకెల మీటల మీద ఉండి స్వరం నిడివి ఎంచుతుంది, కుడి చెయ్యి పియానో మీద స్వరం నొక్కుతుంది. మౌస్ ముట్టుకోడు. "ఎలుక వెంట పడ్డవాడికి పొద్దు చాలదు" అనేవాడు. మొదటి చరణం ఎక్కించి, మిగతా మూడింటికీ దాన్నే నకలు చేసి, తేడా వచ్చిన చోట మాత్రం దిద్దేవాడు. చివర్లో మూడు దెబ్బలు: అన్నీ ఎంచు, తాళం గీతల మీదికి లాగు, దాచు. అటూ ఇటూ జరిగిన స్వరాలన్నీ సరిగ్గా తాళం మీదికి వచ్చేసేవి. పాట అయిపోయినట్టే. ఒక పాటకు ఒకటే ఫ్లాపీ. రెండుంటే ఏది సరైనదో తెలియక కొట్టుకు చావాలని అతని సిద్ధాంతం.

ఆ సిద్ధాంతమే కొంప ముంచింది.

మదర్ ఆర్నీటా గూల్స్‌బీ మా చర్చిలో నలభై ఏళ్లు పియానో వాయించింది. పెద్దావిడలను మా చర్చిలో గౌరవంగా మదర్ అంటాం. వార్షికోత్సవం రోజున క్వయర్ నడవలో ఊగుతూ లోపలికి వచ్చేటప్పుడు వాయించే పాట ఆమె సొంతం. కాగితం మీద ఎప్పుడూ పెట్టలేదు. కుడి చెయ్యి తాళంతో పాటు నడుస్తుంటే ఎడమ చెయ్యి ఒక వెంట్రుక వాసి వెనక పడేది. ఆ కాస్త ఆలస్యంలోనే మా అడుగులు ఊగేవి. ఒక ఏడాది సెప్టెంబరులో ఆమె ఆ పాటను వెర్డెల్ పియానో మీద ఒక్కసారి వాయించింది. అక్టోబరులో పక్షవాతం వచ్చింది. ఎడమ వైపు పడిపోయింది.

వార్షికోత్సవం డిసెంబరు మొదటి ఆదివారం. ఆమె వాయించలేకపోయినా ఆమె వాయింపు ఉందిగా అనుకున్నాం. మంద్రంగా పాడే బేస్ గొంతుల వరుస చేరుద్దామని వెర్డెల్ ఆ ఫ్లాపీ తెరిచాడు. పదిహేను నిమిషాల్లో చేర్చాడు. చివర్లో అలవాటు ప్రకారం మూడు దెబ్బలు కొట్టాడు.

విన్నాక గాని తెలియలేదు. ఆమె ఎడమ చేతి ఆలస్యమంతా తాళం గీతల మీదికి చేరి చెరిగిపోయింది, అప్పటికే పాత లెక్క మీద కొత్త లెక్క పడిపోయింది.

ఎవరికీ చెప్పకుండా ఆ వారం రిహార్సల్లో దాన్నే పెట్టాడు. మేం సైనికుల్లా నడిచాం. చేతికర్ర పట్టుకుని ముందు వరుసలో కూర్చున్న మదర్, పాట సగంలో ఉండగానే చెయ్యెత్తి ఆపించింది.

"వెర్డెల్, ఎవరు నాయనా వాయించింది?"

"మీరే, మదర్."

"నేనా? నేను పోయానని ఎవరైనా చెప్పారా నీకు? శవాన్ని పెట్టెలో సర్దినట్టు సర్దేశావు!"

క్వయర్ అంతా నవ్వింది. వెర్డెల్ నవ్వలేదు. ఆమె దగ్గరికెళ్లి జరిగింది చెవిలో చెప్పాడు. 

"ఇంకోటి లేదా?"

"లేదు, మదర్."

"శనివారం పొద్దున నన్ను నీ బేస్‌మెంట్‌కు తీసుకెళ్లు. నీ మెట్లు దిగలేను, మొయ్యాల్సిందే. బరువున్నానని గొణిగావో, చూడు."

అతను కుర్చీతో సహా మోసి దించాడు. వెంట ఆమె దగ్గరుండి చేయించిన పౌండ్ కేకు కూడా దిగింది. తెర మీద ఆమె ఎడమ చేతి స్వరాలు చిన్న చిన్న పుల్లల్లా గీతలకు అంటుకుని నిలబడ్డాయి. వాటన్నిటినీ ఒకే కొలతతో వెనక్కి జరిపి వినిపించాడు.

"ఇందాక ఇస్త్రీ చొక్కా. ఇప్పుడు ఆ చొక్కానే తాగుబోతు వేసుకున్నాడు."

"ఎక్కడ ఎంత జరపాలో చెప్పండి మరి."

"నాకేం తెలుసు? చెయ్యికి తెలుసు. అది నా మాట వినడం మానేసింది."

రెండో శనివారమూ అలాగే గడిచింది. అతను ఒక్కొక్క పుల్లనూ జరపడం, ఆమె తల అడ్డంగా ఊపడం. మూడో శనివారం, వార్షికోత్సవానికి ఎనిమిది రోజులుండగా, కుడి చేతి భాగాన్ని ఒక్కదాన్నే వినిపిస్తున్నాడు. సిమెంటు నేల మీద టక్ మని వినబడింది. కిందికి చూశాడు. ఆమె కుడి బూటు. తాళం మీద కాదు, తాళానికి కాస్త వెనక పడుతోంది. ఎడమ చెయ్యి పడాల్సిన ప్రతి చోటా పడుతోంది.

"కాలు కదపకండి, మదర్!"

"ఏం, తేలుందా?"

పియానో కింది పెడల్ లాగి ఆమె బూటు కింద పెట్టాడు. అదీ ఆ తీగలోంచే లెక్క పంపుతుంది. పాట మొదటి నుంచి పెట్టాడు. ఆమె కళ్లు మూసుకుని తొక్కింది. ఎన్ని మీటలు కలిసి మోగినా ఎడమ చేతి దెబ్బ ఒక్కటే, కాలి దెబ్బా ఒక్కటే. మొత్తం నూట తొంభై ఆరు దెబ్బలు. ఒక్కొక్క తొక్కుడు దగ్గరికీ దాని స్వరాలను జరిపాడు. ఎక్కడా నకలు చెయ్యలేదు. మధ్యాహ్నం దాటింది. ఆ రోజు తెచ్చిన కేకు అయిపోయింది.

చివరి చరణంలో ఒక స్వరం మరీ ఆలస్యంగా వచ్చింది.

"తొక్కేటప్పుడు ఇక్కడ మీకు దగ్గొచ్చింది. సరిచేస్తాను."

"నీ సరిచెయ్యడం చూశాంగా. చెయ్యి తియ్యి. ఆ దగ్గు నాదే."

ఈసారి రెండు ఫ్లాపీల్లో దాచాడు.

ఆదివారం నడవలోకి అడుగు పెట్టగానే మాకెవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది. నడుములు వాటంతట అవే ఊగాయి. ఆ దగ్గు చోట అందరం ఒక్క క్షణం కాలు గాల్లో పెట్టుకుని ఆగి దించాం. రిహార్సల్ చేసినట్టే ఉందని జనం మెచ్చుకున్నారు. ముందు వరుసలో మదర్ ఒళ్లో ఎడమ చెయ్యి కదలకుండా ఉంది. బూటు మాత్రం ఊరుకోలేదు.

ఆ తర్వాత ఆమె రెండేళ్లే బతికింది. వెర్డెల్ ఇంకా చాలా పాటలు ఎక్కించాడు, అంతే వేగంగా. కానీ గీతల మీదికి లాగే మీటకు ఒక తెల్ల టేపు ముక్క అంటించి, దాని మీద పెన్నుతో "మదర్‌ని అడుగు" అని రాసుకున్నాడు. ఆమె పోయాక కూడా దాన్ని పీకలేదు. నేను చివరిసారి ఆ బేస్‌మెంట్‌కు వెళ్లినప్పుడు అక్షరాలు చెరిగిపోయి ఉన్నాయి. ఆ మీట దగ్గరికి వచ్చేసరికి అతని వేలు మాత్రం గాల్లో ఒక్క క్షణం ఆగి దిగుతోంది.