వెంకటనారాయణ బాబాయ్ పులిపిరి

రాయదుర్గంలో మా ఇంటి ఓనరు వెంకటనారాయణను నేను బాబాయ్ అంటాను. కాకినాడలో ఉన్న సొంత బాబాయిలెవరూ నన్నింతగా విసిగించలేదు, ఇంత ప్రేమగానూ చూడలేదు. ఇంట్లో ఊరికే కూర్చోవడం చేతకాక మెట్రో స్టేషన్ దగ్గర ఆటో నడుపుతాడు.

కొన్నేళ్ల కిందట ఆయన కిడ్నీలు చెడిపోతే భార్య ఈశ్వరమ్మ తనదొకటి ఇచ్చింది. ఒళ్లు దాన్ని పరాయిదని తోసేయకుండా ఆయన రోజూ గోళీలు వేసుకోవాలి. అవి ఒంట్లో రోగాలను అడ్డుకునే కాపలాను తగ్గిస్తాయి కాబట్టి చర్మ క్యాన్సర్ వచ్చే ప్రమాదం పెరుగుతుందని, ఎండలో ఒళ్లు కప్పుకోవాలని, ఏ మచ్చ కనబడ్డా చూపించాలని డాక్టరు ముందే చెప్పాడు. మన ఛాయ వాళ్లకు తక్కువే గానీ అసలు రాదనుకోవద్దన్నాడు.

ఇక ఈశ్వరమ్మ ఊరుకుంటుందా? రోజూ ఆయనకు పొడుగు చేతుల చొక్కా తొడిగి, మణికట్టు గుండీలు తానే పెట్టి పంపడం. బాబాయ్ గొణుగుతూనే చేతులు చాపుతాడు. నాకు భలే ముచ్చటేసేది. ఈ మధ్య ఇంట్లో కూడా ఆ చొక్కా విప్పడం లేదు. “ఇన్నాళ్లకు నా మాట వింటున్నడు” అని పిన్ని మురిసిపోయింది.

మొన్నామధ్య నన్ను ఇంటికి తీసుకొస్తుంటే వానలో ఆటో ఆగిపోయింది, తొయ్యడానికి చొక్కా చేతులు పైకి మడిచాడు. మోచేతి కింద తెల్లగా సున్నం, దాని చుట్టూ నెత్తురు కారుతున్న గట్టి పుండు.

“ఏంటి బాబాయ్ ఇది?”

“ఏం లేదు బిడ్డా, పులిపిరి. సున్నం పెడుతున్న, రాలిపోతది.”

“ఎప్పట్నించి?”

“ఎండకాలం నుంచి. జర మీ పిన్నికి చెప్పకు.”

నాకు ఒళ్లు మండింది. చెప్పకుండా ఎలా ఉంటాను? ఇంటికెళ్లగానే చెప్పేశాను.

దవాఖానలో ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చిన రోజు ముగ్గురం వెళ్లాం.

“క్యాన్సరే. కానీ ఇంకా లోపలికి పాకలేదు. దాన్ని వెంటనే తీసేద్దాం” అన్నాడు డాక్టరు.

బాబాయ్ గబుక్కున రెండు చేతులతో పొత్తికడుపు కుడిపక్క కప్పుకున్నాడు. ఈశ్వరమ్మ ఇచ్చిన కిడ్నీని డాక్టర్లు పెట్టింది అక్కడే.

“వద్దు సారూ! ఇది నాది కాదు, మా ఆమెది. చెయ్యి తీసెయ్యుండ్రి గానీ దీన్ని ముట్టుకోకుండ్రి!”

అప్పుడు బయటపడింది అసలు సంగతి. క్యాన్సర్ వస్తే గోళీలు ఆపేస్తారని, గోళీలు ఆగితే కిడ్నీ పోతుందని ఎవరో చెప్పారట. అందుకే అన్ని నెలలూ ఆ సున్నం మంట పళ్ల బిగువున ఓర్చుకున్నాడు. తిట్టాలని నోరు తెరిచిన దాన్ని ఏడ్చేశాను.

“తీసేది చేతిమీది పుండునయ్యా!” అన్నాడు డాక్టరు. “మందులు ఆపం. ఒక గోళీ మార్చి, కిడ్నీ పరీక్షలు తరచూ చేయిస్తాం. మీ అంతట మీరు మాత్రం ఏదీ ఆపొద్దు.”

బాబాయ్ ఊపిరి పీల్చుకున్నాడు. ఈశ్వరమ్మ ఆయన వైపు తిరిగింది. కళ్ల నిండా నీళ్లు, గొంతు నిండా కోపం.

“కిడ్నీని కాపాడుకోనికి నీకిచ్చిన్నా నేను? గట్లయితే అది నా కడుపులనే మంచిగుండె గద!”