మా వాడ తలుపుల మీద ఫ్లమెంకో

ఏడో తరగతి మూడేళ్ళు చదివాను. నాలుగో ఏడు కూడా నన్ను చూస్తే బెంచీకే సిగ్గేస్తుందని నేనే బడి మానేశాను. తర్వాత హనుమకొండలో ఒక షామియానా దుకాణంలో చేరి, పెళ్ళిళ్ళకూ సభలకూ స్టేజీలు కట్టడం నేర్చుకున్నాను. నేర్చుకున్నానని నేనంటాను, మా సేటు ఎప్పుడూ అనలేదు.

డెబ్భైల చివర్లో సుబేదారి దగ్గరి ఒక కాలేజీకి స్పెయిన్ నుంచి ఫ్లమెంకో నర్తకి వచ్చింది. మడమకూ మునివేళ్ళ కిందా మేకులు కొట్టిన బూట్లతో నేలను దబదబా తన్ని తాళం వేసే నాట్యమది. చెక్క స్టేజీ తప్పనిసరి అని ముందే ఉత్తరం వచ్చింది. స్టేజీ పని మా దుకాణానికి అప్పగించిన లెక్చరర్ సారు చదివి చెబితే నవ్వుకున్నాను. పాపం, మన దగ్గర మట్టిదిబ్బలే ఉంటాయనుకున్నారు కాబోలు! నిగనిగలాడే సిమెంటు స్టేజీ ఉండగా చెక్కెందుకని, ఉన్న చెక్కలన్నీ రఘునాథపల్లి పెళ్ళికి పంపేశాను.

ఆట రోజు మధ్యాహ్నం ఆమె వచ్చి, సిమెంటును వేలితో తట్టి చూసి, అక్కడే కూలబడిపోయింది. నలభై ఐదేళ్ళుంటాయి. ఆమె ఇంగ్లీషులో చెప్పింది సారు తెలుగు చేశాడు. తండ్రి రొట్టెల బట్టీవాడు. ఆరేళ్ళప్పుడు పిండి పిసికే బల్ల మీద అడుగులు మొదలుపెట్టింది. పదిహేనేళ్ళకు సారా దుకాణాల్లో రోజుకు మూడాటలు. తర్వాత పెద్ద పెద్ద హాళ్ళు, ఓడలు, విమానాలు. చివరికి మోకాలికి ఆపరేషన్. ఒక్కసారి సిమెంటు మీద ఆడినా ఇక జన్మలో ఆడలేవని డాక్టర్ చెప్పాడు.

"ఆడకుంట పోతే ఏమైతది సార్?" అన్నాను.

"ఇంత దూరం వచ్చి ఆడకుంట ఎన్నడూ వాపస్ పోలేదట. ఏం చేస్తవో చెయ్. ఆరింటికి ఆట."

రఘునాథపల్లిలో మా చెక్కల మీద అప్పటికే పెళ్ళికొడుకు కూర్చున్నాడు. సైకిలెక్కి మా మగ్గాలవాడకు ఉరికాను. అక్కడ చెక్కతో చేసినవి రెండే: మగ్గాలూ, తలుపులూ. మగ్గం ముట్టుకుంటే నాయన చంపుతాడు.

స్టేజీకి తలుపులు కావాలనగానే అమ్మ గడపలోనే అడ్డం నిలబడింది. "చెప్పులేసుకొని తలుపు మీద తొక్కుతదా? తలుపంటే లచ్చిమి రా!"

"చెప్పులిడిస్తే ఆటనే లేదే అమ్మా. పాపం, మోకాలు పోతదట."

"ఆమె మోకాలికి నా తలుపేం జేసె?"

వాడంతా పోగైంది. ఎదురింటి పెద్దమ్మ చాలాసేపు ఆలోచించి తీర్పు చెప్పింది: "పసుపు రాసేది బయటి దిక్కు. లచ్చిమి ఆడనే ఉంటది. బోర్ల ఏస్తే తొక్కేది లోపటి దిక్కే గద! లోపటి దిక్కు ఉండేది మనమే."

ఎనిమిదిళ్ళ తలుపులు ఊడదీసి, గడియలు విప్పి, తోపుడుబండి మీద తోలాం. స్టేజీ మీద వాసాలు పరిచి, పదహారు రెక్కలూ బోర్లా వేసి కదలకుండా బిగించాం. తలుపుల్లేని ఇళ్ళకు కాపలాగా ఒక్కరూ ఆగలేదు. తలుపుల వెంటే వాడంతా వచ్చి ముందు వరసల్లో కూర్చుంది.

నర్తకి వంగి ఒక రెక్కను నిమిరి, మడమతో రెండు దెబ్బలు వేసి నవ్వింది. ఇక హాలు దద్దరిల్లిపోయింది. వెనక ప్రొఫెసర్లు నాట్యం చూస్తున్నారు. మావాళ్ళు తలుపులు చూస్తున్నారు.

"అగో, మా తలుపు మోగుతాంది! టేకు మరి!"

"మీదేడిది? అది మా ఎడమ రెక్క!"

మాది వేపచెక్క. ఓ మూలన వేశాను. గంటైనా ఆమె అటు రాలేదు. అమ్మ ముఖం మాడిపోయింది. చివరికి లేచి నిలబడి, "ఓ బిడ్డా! జర ఇటు గూడ రా! మాది గూడ తలుపే!" అని కేకేసింది. ఆమెకేం అర్థమైందో ఏమో, అమ్మ చెయ్యి చూపిన మూలకు వచ్చి, గౌను అంచు ఎత్తిపట్టి, ఆఖరి ఆట మొత్తం మా తలుపు మీదే ఆడింది. వెళ్ళేటప్పుడు తన మోకాలు తట్టి చూపించి నాకు దండం పెట్టింది.

తలుపు మళ్ళీ బిగించాక లోపలివైపు మేకుల గుంటలు అలాగే ఉండిపోయాయి. వచ్చిన ప్రతి చుట్టానికీ వాటిని చూపించి, "దేశదేశాల ఆడినామెకు స్టేజీ కట్టింది నేనే" అని చెప్పుకునేవాణ్ణి. ఏళ్ళ తరబడి వింటూ ఊరుకున్న అమ్మ, ఓ రోజు బియ్యం చెరుగుతూ అంది:

"ఆమె నలభై ఏండ్లు నేర్సుకొని తలుపులకు ఉత్త గుంటలే చేసింది. నువ్వు ఏం నేర్సుకోకుంటనే ఒక్క పూటల ఎనిమిదిండ్లకు తలుపుల్లేకుంట చేసినవ్. నీ ఆటనే పెద్దది పో, కొడుకా!"