పొగ కోసం కట్టిన ఇల్లు

వై నది ఒడ్డున, కొండవాలులో, డోర్కస్ ప్రాబర్ట్ కాపురం చేసిన ఇల్లు ఉండేది. కప్పు తిన్నగా, గోడలు తెల్లగా, గుమ్మం ముందు ఆరేసిన బట్టలతో. అవతలి గట్టున తోట వేయించుకున్న దొరగారికి అది కంట్లో నలుసైంది. ఆయనకు అందం కావాలట, ఆ అందం వంకరగా, పాతగా, నాచు పట్టి ఉండాలట! ఇల్లు పడగొట్టించి, ఆ రాళ్లతోనే అక్కడ ఇంటి ముఖం ఒక్కటి కట్టించాడు. ముందుగోడ, ఒరిగిన కిటికీ, పొగగొట్టం, దాని కింద పొయ్యి. గోడ వెనక గది లేదు, గొర్రెలు మేసే బీడు.

డోర్కస్‌నీ, మొగుడు ఏమోస్‌నీ ఇటుక బట్టీల పక్కన ఓ చెమ్మ కొట్టంలోకి తోలారు. ఏమోస్ ఏటి మీద పడవలకు తాళ్లు కట్టి గట్టు మీంచి లాగి లాగి రొమ్ము పాడుచేసుకున్న మనిషి. ఆ చెమ్మకు ఊపిరాడక పడుకోలేకపోయేవాడు.

డోర్కస్‌కి ఓ పని ఇచ్చారు. అవతల దొరగారి తోటలోని మండపం మీద ఎర్రజెండా లేస్తే, ఇవతల పొయ్యిలో తడి ఆకులు వేసి పొగ పెట్టాలి. టీ తాగే అతిథులకు అక్కడెవరో చల్లగా కాపురం చేసుకుంటున్నట్టు కనబడాలి. చేసుకునేవాళ్లను వెళ్లగొట్టి మరీ ఈ ముచ్చట!

"బుద్ధిగా చెయ్యి. చలికాలానికల్లా గోడ వెనకాల మీ ఇద్దరికీ ఓ గది వేయిస్తా" అన్నాడు దొరగారి దివాను ట్రెంచర్డ్. ఆ మాట పట్టుకుని వేసవంతా ఆమె పొగలో కళ్లు మండించుకుంది.

ఆకులు రాలే వేళకు ఏమోస్‌కి జబ్బు ముదిరింది. మెల్లగా నడిపించుకొచ్చి ఆ పొయ్యి దగ్గరే కూర్చోబెట్టి, ఎండు కట్టెలు రాజేసింది. ఒళ్లు వెచ్చబడి, రొట్టె ముక్క కొరికాడు.

"మన మంచం ఇక్కడే ఉండేది కదటే?"

"నోరు మూసుకుని తిను. మంచం ఉన్నచోట గొర్రె పెంట వేసింది."

ఇద్దరూ నవ్వుకున్నారు. చాలాకాలానికి నవ్వారు పాపం.

అప్పుడే జెండా లేచింది. ఎండు కట్టెకు వేడి ఉంటుంది గానీ పొగ రాదు. జెండాను అటూ ఇటూ ఊపారు. డోర్కస్ చూసి కూడా కదల్లేదు. దివాను పడవలో ఏరు దాటి రొప్పుతూ వచ్చాడు.

"ఏం వెలగబెడుతున్నావే ఇక్కడ? అతిథుల ముందు దొరగారి పరువు పోయింది!"

"మా ఆయనకు పొగ పడదు బాబుగారూ. ఈ ఒక్కపూటకి..."

"సరే. ఇక గది సంగతి మర్చిపో."

ఏమోస్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "వెయ్యవే. గది కూడా పోతే చలికాలం ఎక్కడ పడుంటాం?"

అతన్ని గోడవారకు జరిపి తడి ఆకులు వేసింది. పాడుగాలి అటే తిరిగింది. అవతల అతిథులు మురిసిపోయి చప్పట్లు కొట్టారు. ఇవతల మొదలైన దగ్గు తెల్లారినా ఆగలేదు, చివరికి ఊపిరితోనే ఆగింది.

మొగుణ్ణి పాతిపెట్టి వచ్చాక డోర్కస్ దివాను గుమ్మంలో నిలబడి గది అడిగింది.

"ఇద్దరికి కదా అన్నాను! ఒంటి మనిషివి, నీకు గదెందుకే? బట్టీ కొట్టం చాలదూ?" అన్నాడు ట్రెంచర్డ్, తల ఎత్తకుండానే. "వెళ్లు, మధ్యాహ్నం అతిథులొస్తున్నారు. ఆకులు బాగా తడిపి ఉంచు."