రెండెండలు తగిలిన పాట

సుభానీ అన్నకు ఎడమ చెవి ఎప్పుడో పోయింది. కుడి చెవి కూడా ఎక్కువ కాలం నిలవదని డాక్టరు తేల్చి చెప్పాడు. అది పూర్తిగా మూసుకుపోయేలోగా ఆయనకు ఒక పాట వినిపించాలని పెట్టుకున్న ప్రయాణం ఇది. ఎండలు ముదురుతున్న రోజులు, ఆదివారం. తెల్లవారుతుండగా గుంటూరులో తెనాలి ప్యాసింజరు ఎక్కాం. నా ఒళ్ళో బ్యాటరీలతో నడిచే పాత రికార్డు ప్లేయరు, ఆయన చేతిలో ఇడ్లీ పొట్లం.

మాది చాలామందికి అర్థం కాని పిచ్చి. అమెరికా పల్లెపాటలు, పాతకాలం రాక్ పాటలు ఉన్న చిన్న రికార్డులు పోగేస్తాం. అటొక పాట, ఇటొక పాట, నడుమ పెద్ద బెజ్జం. పేరున్న గాయకులు మాకక్కర్లేదు. ఒక్క పాట పాడి తర్వాత ఏమైపోయాడో ఎవరికీ తెలియనివాడే మాకు ముద్దు. మద్రాసు పాత సామాన్ల కొట్లలో, హైదరాబాదు ఆదివారం సంతలో వెతికి తెచ్చి, సుభానీ అన్న టైలరింగు షాపు మీది గదిలో వింటాం. క్యాసెట్లకెక్కించి మాలాంటి మరికొందరు పిచ్చివాళ్ళకు పోస్టులో పంపుతాం. రైళ్ళు, తాగుడు, పత్తి చేలు, వదిలేసిపోయిన పెళ్ళాలు, ఆ పాటల నిండా ఇవే. పత్తి వేసి మునిగినవాడి ఏడుపు మాకు కొత్త కాదు కాబట్టి, భాష సగమే తెలిసినా పాట మొత్తం తెలిసేది.

సుభానీ అన్న వెతికే పాట మాత్రం ఎక్కడా దొరకలేదు. వాళ్ళ నాన్న చీరాలలో ఒక పొగాకు కంపెనీ దొర బంగళాలో వంటమనిషి. చిన్నప్పుడు ఆ వంటింటి గుమ్మంలో కూర్చుని విన్నాడట. పాట పేరు తెలియదు, పాడినవాడి పేరు తెలియదు. రికార్డు మధ్య నీలం చీటీ మీద తెల్ల గుర్రపునాడా బొమ్మ, పాట మొదట్లో మౌతార్గాను, అంతే గుర్తు. దొర దేశం వెళ్ళిపోతూ రికార్డులన్నీ తన కారు డ్రైవరుకిచ్చాడు. ఆ డ్రైవరు జాడ మాకు ఇన్నాళ్ళకు తెలిసింది. ఆయన పోయాడు. భార్య అంజమ్మగారు పర్చూరు అవతల ఒక పల్లెలో ఉన్నారు. ఆ ఊరి ఎస్టీడీ బూతుకు ఫోన్ చేసి పిలిపిస్తే, "పెట్టె అటక మీదే ఉంది బాబూ. రండి, ఇస్తా" అన్నారావిడ.

తెనాలిలో దిగి ఒంగోలు వైపు వెళ్ళే బండిలోకి మారాం. కూర్చోవడానికి చోటు లేదు. ఆయనకు ఏది చెప్పాలన్నా కుడి చెవిలో అరవాలి. బాపట్ల దగ్గర ఎక్కిన చేపల గంప ఆవిడ కాసేపు చూసి, ఉండబట్టలేక, "పెద్దాయన మీద అట్టా విరుచుకుపడతన్నావేందయ్యా!" అని నన్ను కసిరింది.

"ఆయనకు వినపడదమ్మా" అన్నాను.

"అయితే ముందు నీ గొంతు పోద్ది" అంది.

ఏం జరుగుతోందో తెలియకపోయినా సుభానీ అన్న మా ఇద్దరినీ చూసి నవ్వాడు. ఆ రోజు ఆయన దేనికైనా నవ్వేలా ఉన్నాడు.

తొమ్మిది దాటాక చీరాలలో దిగాం. స్టేషను బయట టీ తాగి పర్చూరు బస్సు, అక్కడి నుంచి షేరాటో. దారి పొడవునా కళ్ళాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆ ఘాటుకు ఆటోలో అందరం తుమ్ముతూనే ఉన్నాం. "రేటు లేదు కానండీ, ఎండకేం కొదవ లేదు" అన్నాడు ఆటో అతను.

అంజమ్మగారి ఇల్లు ఊరి చివర. కాళ్ళకు నీళ్ళిచ్చి, మజ్జిగ ఇచ్చి, ఆవిడ మమ్మల్ని నేరుగా ఇంటి పక్క కళ్ళంలోకి తీసుకెళ్ళారు. ఎర్రటి కాయల పక్కన నల్ల పట్టా పరిచి ఉంది. దాని మీద వరసలుగా రికార్డులు.

"అటక మీద ముక్కిపోయి వాసనొస్తన్నాయి బాబూ. అంతదూరం నించి వచ్చేవాళ్ళకి అట్టా ఎట్టా ఇస్తాం? కుంకుడు రసంతో కడిగి రెండెండలు పెట్టా" అన్నారు.

ఇక్కడ ఇంట్లోంచి ఎవరికేమిచ్చినా, కాయలైనా కందిపప్పైనా, ఎండ చూపించి ఇవ్వడం మర్యాద. ఆవిడ మాకా మర్యాదే చేశారు. ఒక్క రికార్డు కూడా సాపుగా లేదు. అన్నీ ఎండ వేడికి మెత్తబడి వేయించిన అప్పడాల్లా వంకర్లు తిరిగిపోయాయి. నాకు అక్కడే కూలబడి ఏడవాలనిపించింది. మేం రైలెక్కేసరికే అంతా అయిపోయింది.

సుభానీ అన్న గొంతుక్కూర్చుని ఒక్కొక్కటే తీసి చూశాడు. నాలుగో వరసలో ఆయన చెయ్యి ఆగింది. నీలం చీటీ, తెల్ల గుర్రపునాడా. "ఇదేరా ప్రసాదూ" అన్నాడు. రికార్డు అంచు మీద వేలు పెట్టి, ఎత్తుపల్లాల వెంట చుట్టూ తిప్పాడు.

"పనికొస్తాయా?" అని అడిగారు అంజమ్మగారు. ఆ మాట నేను ఆయన చెవిలో అరవాల్సి వచ్చింది. అంతకన్నా పాపిష్టి పని నేనెప్పుడూ చేయలేదు.

"ఎంత శుభ్రంగా చేశారమ్మా!" అన్నాడాయన.

"అయితే ఒకటి పెట్టండి, నేనూ వింటా. మా ఇంట్లో మిషను లేక ఆయన కూడా వినకుండానే పోయాడు" అన్నారావిడ.

కాదనలేక వసారాలో ప్లేయరు పెట్టాను. సుభానీ అన్న కుడి చెవిని స్పీకరుకు ఆనించాడు. ముల్లు ఒక మిట్ట ఎక్కింది, మౌతార్గాను రెండు స్వరాలు కుయ్యిమంది, ముల్లు ఎగిరి అవతల పడింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ అవే రెండు స్వరాలు, మళ్ళీ గరగర. మూడోసారి ఆయనే నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"తెల్లోళ్ళ పాటలు ఇంతేనా? బానే ఉందిలే" అన్నారు అంజమ్మగారు. గోంగూర వేసి అన్నం పెట్టి, వెళ్ళేటప్పుడు రికార్డుల మీద ఒక సంచెడు మిరపకాయలు కూడా పెట్టారు.

తిరుగు ప్రయాణం చిలకలూరిపేట మీదుగా బస్సులో. ఈ దారిన రికార్డుల కోసం వెళ్ళేవాళ్ళెవరైనా ఉంటే కాయలు ఎండే రోజుల్లో మాత్రం వెళ్ళకండి. ఇంతకన్నా నేనిచ్చే సలహా లేదు. ఎవరి మీదైనా కోపం తెచ్చుకుంటే కాస్త తేలికపడేవాణ్ణేమో. ఆ ఇంట్లో కోప్పడదగ్గ మనిషి లేదు.

పేట దాటాక సుభానీ అన్న నా చెవి దగ్గరికి వంగి ఆ పాట కూనిరాగం తీయడం మొదలుపెట్టాడు. ఒకసారి అయ్యాక మళ్ళీ తీశాడు. రెండోసారి రాగం మొదటిదానికి దూరంగా పోయింది. తన గొంతు తనకు అందడం లేదు.

"నాకు వినపడట్లేదురా. సరిగ్గానే వస్తందా?" అని అడిగాడు.

ఆ పాట నేనెన్నడూ వినలేదు. ఇక ఎవరూ వినరు.

"సరిగ్గానే ఉందన్నా" అని అరిచాను. ఆయన సంతోషంగా మళ్ళీ ఎత్తుకున్నాడు. ఈసారి అది వేరే పాటలా ఉంది.