చాయ్ తాగినా పరగడుపే అనుకున్నాం

రెండేళ్ల కిందట ఎంగిలిపూల బతుకమ్మ నాడు, సాయంత్రం ఆరుంబావుకు, పాట ఎత్తుకున్న మా కోడలి గొంతు రెండో చరణంలో ఆగిపోయింది. ఇబ్రహీంపట్నంలో మా వాడకట్టు ఆడవాళ్లకు పాట చెప్పేది ఆమే. పెళ్లయి వచ్చిన మరుసటి ఏడాది నుంచీ ఆమె చెబితే తక్కినవాళ్లు అందుకుంటారు. ఆ రోజు బొంగురు తప్ప ఏమీ రాలేదు. పక్కింటావిడ చప్పట్లు ఆపకుండానే పాట తాను అందుకుంది.

"తిని పంటున్నవ్ గదనే, గొంతు సుత లావెక్కింది" అని ఆ తర్వాత నవ్వింది కూడా.

నవ్వులాటకే అంది. అయినా కోడలు మిగిలిన రోజుల్లో ఆటకు రాలేదు. బతుకమ్మను పేర్చి నా చేతికిచ్చి లోపలే ఉండిపోయింది.

ఆలోచిస్తే గొంతొక్కటే కాదు. నడి ఎండాకాలంలో మేమంతా ఫ్యాను కింద పడుకుంటే ఆమె చద్దరు కప్పుకునేది. దువ్వినప్పుడల్లా దువ్వెన నిండా వెంట్రుకలు. నెలసరి ముందూ వెనకా అయ్యేది, వస్తే వారం దాటేది. తిండి తగ్గించినా ఒళ్లు వచ్చింది, రవికెల కుట్లు రెండుసార్లు విప్పించాం. ఒక్కొక్కదానికీ ఒక్కొక్క కారణం చెప్పుకున్నాం. దిష్టి కూడా తీశాను. అన్నీ ఒకే మనిషికి ఒకే ఏడాదిలో ఎందుకొచ్చాయో మాత్రం నాకు లెక్క కుదరలేదు. దసరా వెళ్లిన సోమవారం సాగర్ రోడ్డులో లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను.

రక్తపరీక్షలో థైరాయిడ్ తక్కువగా ఉందని తేలింది. మెడలో ఉండే ఆ చిన్న గ్రంథి పని మందగిస్తే గొంతు నుంచి నెలసరి దాకా అన్నీ తప్పుతాయట. రోజూ పొద్దున పరగడుపున ఒక గోలీ, రెండు నెలలకు మళ్లీ పరీక్ష.

ఒక్క రోజు తప్పలేదు, నేనే ఎదురుగా కూర్చుని వేయించాను. అయినా రెండో పరీక్షలో పెద్ద మార్పు లేదు. మోతాదు పెంచబోతూ, ఎలా వేసుకుంటున్నావని డాక్టరు అడిగింది.

"పరగడుపున్నే మేడం. ఆరింటికి, చాయ్‌తోటి" అంది కోడలు.

డాక్టరు కలం ఆపింది. నాకు రోషం వచ్చింది.

"చాయ్ తిండెట్లయితది మేడం? మేం ఒక్కపొద్దు నాడు సుత తాగుతం."

"దేవుడు ఒప్పుకుంటడేమో అమ్మా, ఈ గోలీ ఒప్పుకోదు" అని ఆమె నవ్వింది. మోతాదు పెంచలేదు. గోలీ మంచినీళ్లతోనే వేసుకోవాలనీ, తర్వాత ముప్పావుగంట దాకా చాయ్ కూడా వద్దనీ చెప్పింది.

మా ఇంట్లో చాయ్ పెట్టేది కోడలే. అందరికీ పోసి తాను మాత్రం వాసన చూస్తూ నిలబడడం న్యాయం కాదు. అందుకని ఇంటిల్లిపాదికీ చాయ్ పావు తక్కువ ఏడుకు మార్చాను.

"గోలీ ఒక్కదానికి, సజా అందరికా అమ్మా?" అన్నాడు కొడుకు. నాలుగు రోజులకు వాడూ అలవాటు పడ్డాడు.

ఉగాది నాటికి చద్దరు పెట్టెలోకి పోయింది. మృగశిర వచ్చేసరికి ఆమె పిల్లలను పిలిస్తే వీధి చివరికి వినపడింది. పరీక్షలో కూడా అంతా సరిగ్గా వచ్చింది. బాగుందని గోలీ మానొద్దని డాక్టరు గట్టిగా చెప్పింది.

పోయిన ఏడాది ఎంగిలిపూల నాడు కోడలు ఆటకు వచ్చింది గాని వెనక నిలబడింది. పక్కింటావిడే చెయ్యి పట్టి ముందుకు లాగింది.

"నువ్వే చెప్పవే. నా పాటకు పూలు సుత వాడిపోతున్నయ్."

గడియారం చూశాను, ఆరుంబావు. రెండో చరణం దాటింది. మూడోదీ దాటింది.

పోయినవి ఇవి: ఒక ఏడాది బతుకమ్మ ఆట. జడలో సగం మందం, అందులో కొంత తిరిగి వస్తోంది. నా ఆరింటి చాయ్, అది ఇక రాదు.