గోడ మీది చీటీల చదువు

ఆస్పత్రి లాండ్రీలో ఇస్త్రీ మేస్త్రీని ఎరగనివాళ్ళు లేరు. గొప్పలు చెప్పుకునేవాళ్ళు ప్రతిచోటా ఉంటారు గానీ, తన తెలివితక్కువతనాన్ని నలుగురినీ పోగేసి మరీ చెప్పుకునేవాడు ఈయనొక్కడే. "నా ఇంగ్లీషు చదువు సంగతి చెప్పానా?" అంటాడు. చెప్పావన్నా ఆగడు.

లాండ్రీకి కొత్త యంత్రాలొచ్చాయి. వాటితోపాటే ఒంటినిండా ఇంగ్లీషు రాతలున్న, బట్టలుతికే మందు డ్రమ్ములూ వచ్చాయి. ఆ రాతలు చదవగలిగినవాళ్ళు యంత్రాల దగ్గర ఉంటారనీ, చదవలేనివాళ్ళు గేటు దగ్గర మాసిన దుప్పట్ల మూటలు మోస్తారనీ, అందుకో పరీక్ష పెడతాననీ సూపర్‌వైజరు తేల్చి చెప్పేశాడు. మేస్త్రీ నడుము అప్పటికే మూలుగుతోంది. మూటలెత్తితే ఇక మంచం దిగే పని ఉండదు. అందుకని సిగ్గు చంపుకుని చిన్నకోడలి ముందు పలక పట్టుకుని కూర్చున్నాడు.

ఆ అమ్మాయి ఇంట్లో ప్రతి వస్తువుకీ దాని పేరు ఇంగ్లీషులో రాసి చీటీ అంటించింది. తలుపు, అద్దం, కుర్చీ, బకెట్టు, ఆఖరికి మేస్త్రీ గొడుగు కూడా తప్పించుకోలేదు. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని ఇల్లంతా తిరుగుతూ, "డోర్! మిర్రర్! బకెట్!" అని గడగడా చదివేసేవాడు. పుస్తకం చదివించినప్పుడు మాత్రం కోడలు, "ఇంకొక్కసారి చదవండి మావయ్యా" అనేది. తన చదువు అంత వినసొంపుగా ఉంది కాబోలనుకుని మేస్త్రీ గొంతు పెంచేవాడు. "ఇంకొక్కసారి మావయ్యా." పాపం పిల్లకి తనివి తీరడం లేదనుకునేవాడు. లాండ్రీలో వ్యాను డ్రైవరు దగ్గర, "మా కోడలు నా చేత ఒక్కో ముక్కా మళ్ళీ మళ్ళీ చదివించుకుంటుందయ్యా" అని మీసం మెలేశాడు కూడా.

ఇంతలో మేస్త్రీ భార్య ఇల్లు దులుపుతూ చీటీలన్నీ పీకి పళ్ళెంలో పోసింది. కోడలు అందులోంచి ఒకటి తీసి ఆయన చేతికిచ్చింది.

"బకెట్" అన్నాడు ధీమాగా.

"ఇంకొక్కసారి మావయ్యా."

"డోర్."

"ఇంకొక్కసారి..."

"చైర్. అంబ్రెల్లా."

వంటింటి గుమ్మంలోంచి భార్య నవ్వింది. "ఇల్లంతా చుట్టొచ్చారు. చేతిలో చీటీ ఒక్కటే చూళ్ళేదు."

అప్పుడు వెలిగింది బుర్ర. ఇన్నాళ్ళూ తాను చదివింది అద్దాన్నీ తలుపునీ గానీ అక్షరాన్ని కాదు. అద్దం మీది చీటీ చూసి మిర్రర్ అనడానికి చదువెందుకు, కళ్ళుంటే చాలు! ఆ వెనకే రెండో అనుమానం తగులుకుంది.

"అమ్మా, నువ్వు ఇంకొక్కసారి అన్నప్పుడల్లా నేను తప్పు చదివానా?"

కోడలు తల దించుకుంది. "మిమ్మల్ని పట్టుకుని తప్పని ఎలా అనను మావయ్యా?"

మెలేసిన మీసం గుర్తొచ్చి మేస్త్రీ కుంచించుకుపోయాడు. నవ్వొచ్చింది, దాని వెంటే భయమూ వేసింది. గేటు దగ్గరి మూటలు కళ్ళముందు కదిలాయి.

"నువ్వనలేకపోతే నాకు సైగ చెయ్యవే. నేనంటాను. పెళ్ళైనప్పట్నుంచీ నాకదేగా పని!" అంది భార్య.

ఆ రోజు నుంచి కోడలు కనుబొమ ఎగరేయడం, కూరలు తరుగుతూ భార్య "తప్పు!" అని కేకేయడం, మేస్త్రీ మొదటి అక్షరం మీద వేలు పెట్టి మళ్ళీ తడుముకోవడం. భార్యకి ఆ ఉద్యోగం ఎంత నచ్చిందంటే, ఒప్పు చదివినా ఒకటి రెండుసార్లు తప్పనేసింది.

పరీక్ష రోజు సూపర్‌వైజరు ఆయన్ని డ్రమ్ము ముందు నిలబెట్టాడు. పక్కన యంత్రం హోరుమంటోంది. మేస్త్రీ వేలు పెట్టి మెల్లగా చదివాడు.

"ఇంకోసారి చదువు" అన్నాడు సూపర్‌వైజరు.

తప్పు చదివానన్నమాటే అనుకున్నాడు మేస్త్రీ. ఇదివరకైతే నోటికొచ్చిన మాటలన్నీ అనేసేవాడే. ఈసారి వేలు వెనక్కి తెచ్చి, ఒక్కో అక్షరం దాటుకుంటూ చివరిదాకా వెళ్ళాడు. ఇందాక చదివిందే వచ్చింది. చెమటలు తుడుచుకుని, అదే మాట మార్చకుండా గట్టిగా చదివాడు.

"ఆఁ, ఇప్పుడు వినపడింది. రేపట్నుంచి యంత్రం దగ్గరికి రా" అన్నాడు సూపర్‌వైజరు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, అందరూ వినేలా సబ్బు పెట్టె మీది రాతలు గడగడా చదివేశాడు. కోడలు అత్తగారి వైపు చూడలేదు. కనుబొమా ఎగరేయలేదు.

"తప్పు మావయ్యా" అంది.

యంత్రం దక్కినప్పుడు కూడా మేస్త్రీకి అంత సంతోషం కలగలేదు. పెట్టెని దీపం దగ్గరికి జరుపుకుని, మొదటి అక్షరం మీద వేలు పెట్టాడు.