బోనం కోసం ఆపిన మాత్ర

ఆషాఢం వస్తోందంటే మా అత్తగారు మెడికల్ షాపు నుంచి డేట్ మాత్రలు తెప్పించేవారు. బోనాల నాటికి ఇంటి కోడళ్లకు నెలసరి రాకుండా వాయిదా వేసే మాత్రలవి. శాలిబండలో మాది తరాలనాటి స్టీలు సామాన్ల దుకాణం. ఇంటి బోనం చిన్నకోడలే ఎత్తాలన్నది దుకాణం కన్నా పాత ఆచారం. ఆ చిన్నకోడల్ని నేను. అమ్మవారికి లేని పట్టింపు మనుషులకెందుకని ఒళ్లు మండేది కానీ, నోరు మూసుకుని మింగేదాన్ని.

ఆ ఏడు నా దగ్గర ఇంకో మాత్ర కూడా ఉంది. రెండో కాన్పులో రక్తం ఆగక చావు అంచుదాకా వెళ్లొచ్చాను. మళ్లీ గర్భం వస్తే ప్రాణానికి తాను హామీ ఇవ్వలేనని డాక్టరమ్మ మా ఆయన ముందే చెప్పింది. ఒంట్లో రక్తం పట్టి, పిల్లలు కాకుండా చేసే ఆపరేషన్‌కు తట్టుకునేదాకా రోజూ ఒక గర్భనిరోధక మాత్ర వేసుకోమంది. ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు. వాళ్లమ్మకు తెలిస్తే లొల్లి అవుతుందని ఆయన భయం. భయం ఆయనది, కుట్టుమిషను సొరుగులో మాత్రల అట్ట దాచుకునే పాట్లు మాత్రం నావి.

అత్తగారు డేట్ మాత్రలు చేతిలో పెట్టాక నాలో నేనే తర్కించుకున్నాను. రెండూ హార్మోన్ల మాత్రలే కదా, కలిపి మింగితే వికటిస్తుందేమో. నెలసరినే ఆపే మాత్ర గర్భాన్ని ఆపదా? అలా రోజువారీ మాత్రను పక్కన పెట్టేశాను. డిగ్రీ చదివినదాన్నే. పోగాలం దాపురిస్తే బుద్ధి ఇలాగే పనిచేస్తుంది.

బోనాలు దగ్గర పడ్డాయనగా కొత్త అట్ట కోసం నయాపూల్ దగ్గరి దవాఖానకు వెళ్లాను.

"మానకుండ ఏసుకుంటున్నవా?" అని అడిగింది డాక్టరమ్మ.

"కొన్ని దినాలైంది మేడం, ఆపిన. మా అత్తమ్మ డేట్ గోలీలు ఇచ్చింది, అవి ఏసుకుంటున్న కద."

రాస్తున్న పెన్ను కింద పెట్టింది. "అవి నెలసరిని జరుపుతయి, గంతే. గర్భం రాదని వాటి మీద భరోసా పెట్టుకోవద్దు. ఈ మధ్యల మీ ఆయనతోని కలిసినవా?"

తల ఊపాను. మొన్ననే. ఇంటి దగ్గర చిన్నది అప్పుడప్పుడే గోడ పట్టుకుని నడుస్తోంది. తల్లి లేని పిల్లలంటే ఎలా ఉంటారో ఆ కుర్చీలో కూర్చునే చూసేశాను.

డాక్టరమ్మ తిట్టలేదు. గర్భం రాకుండా వేసే అత్యవసర మాత్ర అక్కడికక్కడే మింగించింది. డేట్ మాత్రలు ఆపెయ్యమంది. రోజువారీ మాత్ర ఆ రోజే మళ్లీ మొదలుపెట్టి, ఏడు రోజులు నిరోధ్ కూడా వాడమంది. మధ్యలో రక్తం కనిపించినా గర్భం లేదని నమ్మవద్దని, మూడు వారాలకు మూత్రపరీక్ష తప్పదని చెప్పింది.

"ఒక్క గోలి మర్చిపోతే యాదికొచ్చిన యాళ్లనే ఏసుకోవాలె, తర్వాతిది దాని టైముకే. ఒకే దినం రెండు పడ్డా ఫికర్ లేదు. ఇన్ని తప్పితే మాత్రం గిట్ల ఉరికి రావాలె. బోనం ఉందని మొదలే అడగకపోయినవా? అట్టల ఆఖరు వారానికుండే ఐరన్ గోలీలు ఇడిసిపెట్టి కొత్త అట్ట మొదలువెడితే, గీ గోలితోనే డేట్ జరుగుతుండె."

బోనాల పొద్దున నాకు రక్తం కనిపించింది. వంటింటి గడప ఇవతలే నిలబడ్డాను. అత్తగారు లోపల కుండకు పసుపు పూస్తున్నారు.

"అత్తమ్మా, నేను బోనం ఎత్తలేను."

"గోలీలు ఇచ్చిన గద! ఏసుకోలేదా?"

"ఆపిన. డాక్టర్ ఆపమన్నది." ఇక దాచే ఓపిక లేదు. రోజువారీ మాత్ర సంగతి, దాన్ని నేను మానేసిన సంగతి, దవాఖాన సంగతి అంతా చెప్పేశాను. నాకు మూడో కాన్పు వద్దని, బతకాలని ఉందని కూడా అన్నాను.

ఆవిడ కుండను పీట మీద పెట్టి నావైపు తిరిగారు.

"నా కొడుక్కు తెల్సా?"

"తెల్సు."

"నాకే తెల్వదన్నట్టు. దవాఖానల నీ రక్తం గుడ్డలు పిండింది నేనే గదనే. నాకు చెప్తే వద్దంటనా?"

మోకాళ్ల నొప్పులతో మెట్లు కూడా ఎక్కలేని మనిషి ఆ రోజు తానే బోనం ఎత్తారు. నేను గుమ్మం దగ్గర నిలబడి ఏడ్చాను.

ఆ మూడు వారాలు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరిగాను. పరీక్షలో ఒక్క గీతే వచ్చింది, గర్భం లేదు. ముందు అత్తగారికే చూపించాను. "బతికిచ్చినవ్ తల్లీ" అన్నారు, నాతోనో అమ్మవారితోనో.

ఆ రోజు అందరం భోజనాలకు కూర్చున్నాం. మామగారు, మా ఆయన, బావగారు కూడా ఉన్నారు. అత్తగారు అన్నం వడ్డిస్తూ, గొంతు ఏమాత్రం తగ్గించకుండా అడిగారు.

"ఇయ్యాల గోలి ఏసుకున్నవా?"